నమ్మడం వేరు, ఒప్పుకోవడం వేరు



రెజిమెంటల్ బజారులో ఒక ఇంటిని దీవించడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటి తల్లి నన్నొక ప్రశ్న అడిగింది. "ఫాదరుగారూ, మావాడు ఇంటర్ బైపీసీ చదువుతున్నాడు. కోతి నుంచి మనిషి వచ్చాడన్న మాట మీరు నమ్ముతారా?" ఆ అబ్బాయి పక్కనే తల వంచుకుని కూర్చున్నాడు. నమ్ముతానంటే దేవుడు లేడని ఒప్పుకున్నట్టు, నమ్మనంటే చదువు రానివాడినన్నట్టు ఆ ఇంట్లో ఈ ప్రశ్న అప్పటికే ముదిరిపోయిందని నాకు అర్థమైంది. "అమ్మా, నేను నమ్మను, ఒప్పుకుంటాను" అన్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. ఫాదరుగారు మాట తప్పించుకున్నారని అనుకుని ఉంటుంది. తప్పించుకోలేదు. కాఫీ చల్లారేలోగా చెప్పగలిగిన సంగతి కాదు గనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. మన తెలుగులో ‘నమ్మడం’ అనే మాట చేత చాలా బరువులు మోయిస్తాం. "రేపు వాన పడుతుందని నమ్ముతున్నాను" అంటాం. "మా తమ్ముడు చెప్పాడు గనుక నమ్మాను" అంటాం. "దేవుణ్ణి నమ్ముకున్నాను" అని కూడా అంటాం. మొదటిది ఒక అంచనా. తెల్లవారితే నిజమో కాదో తేలిపోతుంది. రెండవది ఒక మనిషి మాట మీద ఉంచిన గురి. మూడవది వీటిలో ఏదీ కాదు. అది తనను తాను అప్పగించుకోవడం. ‘నమ్ము’కు ‘కొను’ చేర్చి ‘నమ్ముకొను’ అనడంలో మన భాష ఈ తేడాను ఎంత చక్కగా పట్టుకుందో గమనించండి. మొగుణ్ణి నమ్ముకుని వచ్చిన ఆడపిల్ల, భూమిని నమ్ముకున్న రైతు, దేవుణ్ణి నమ్ముకున్న భక్తుడు అంటాం. వీరందరూ తమ బతుకును ఒకచోట ఆనించినవారు. పైథాగరస్ సిద్ధాంతాన్ని నమ్ముకున్నానని ఎవరూ అనరు. గురుత్వాకర్షణను నమ్ముకుని బతుకుతున్నానని అంటే నవ్వుతారు. పాత లతీను వేదాంతులు కూడా ఇదే తేడా చూపించారు: దేవుడున్నాడని నమ్మడం, దేవుడు చెప్పినదాన్ని నమ్మడం, దేవుణ్ణి నమ్ముకుని ఆయన వైపు నడవడం. ప్రతి ఆదివారం పూజలో మనం లేచి నిలబడి ‘విశ్వసించుచున్నాను’ అన్నప్పుడు ఈ మూడూ కలిసి ఉంటాయి. మూడవది లేకపోతే మొదటి రెండూ చాలవు. దేవుడున్నాడని పిశాచాలకు కూడా తెలుసునని పునీత యాకోబు తన లేఖలో గుర్తుచేశాడు గదా.

మరి జీవపరిణామం ఈ మూడింటిలో ఏ గదికి చెందింది? ఏ గదికీ చెందదు. అది ఆధారాలు చూసి ఒప్పుకోవలసిన, ఆధారాలు లేకపోతే ఒప్పుకోనక్కరలేని సంగతి. పునీత తోమస్ అక్వినాస్ సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ మొదటి సంవత్సరంలోనే ఎదురవుతాడు. ఆయన ఈ విషయాన్ని చాలా కచ్చితంగా చెప్పాడు. ఒకే సంగతిని, ఒకే మనిషి, ఒకే సమయంలో తెలుసుకోవడమూ విశ్వసించడమూ సాధ్యం కాదని ఆయన వాదం. కళ్లతో చూసినదాన్ని, లేదా తర్కంతో నిరూపణ అయినదాన్ని విశ్వసించాల్సిన పని ఉండదు. అది జ్ఞానం. విశ్వాసం ఉండేది కంటికి కనబడని దాని విషయంలో. అయితే ఒకరికి జ్ఞానమైనది మరొకరికి నమ్మకం కావచ్చునని కూడా ఆయనే అన్నాడు. ఈ రెండో మాటను మనసులో ఉంచుకోండి, తరువాత దానితో పనుంది.

ఆధారం వల్ల మనసు మారడమంటే ఏమిటో చూడాలంటే మనం దూరదేశాలకు వెళ్లనక్కరలేదు. రెజిమెంటల్ బజారు నుంచి బేగంపేట ఎంత దూరం? కొద్ది కిలోమీటర్లే. 1897 ఆగస్టు 20న మలేరియా గుట్టు బయటపడింది అక్కడే.

అంతకుముందు ఎన్నో శతాబ్దాలపాటు మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని జనం అనుకున్నారు. ఆ పేరుకు ఇటాలియను భాషలో అర్థమే చెడుగాలి. వాళ్లు తెలివితక్కువవాళ్లని అనుకోకండి. బురద నేలల దగ్గర, మురుగు నీళ్ల పక్కన ఉండేవారికి జ్వరం ఎక్కువగా రావడం వాళ్లు కళ్లారా చూశారు. చూసింది నిజమే, చెప్పుకున్న కారణం తప్పు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. భారత వైద్య సేవలో ఉన్న రొనాల్డ్ రాస్ ఆ మాటను చాలాకాలం ఒప్పుకోలేదు. 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపించిన తరువాత ఒప్పుకున్నాడు. దోమల వల్ల ఇది వ్యాపిస్తుందేమోనన్న ఊహ కూడా మాన్సన్‌దే. అయితే దోమలు చచ్చిపడిన నీళ్లు తాగడం వల్ల జబ్బు వస్తుందని ఆయన అనుకున్నాడు. ఊహలో సగం ఒప్పు, సగం తప్పు.

రాస్ రెండేళ్లపాటు దోమలను కోసి చూశాడు. ఏమీ కనబడలేదు, ఎందుకంటే అవి మలేరియాను మోసే రకం దోమలు కావు. చివరకు రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఆయనకు ఒక అణా ఇచ్చాడు. ఆగస్టు ఉక్కలో, పంకా వేస్తే కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా లేకుండానే కూర్చుని ఒక్కొక్క దోమను కోశాడు. ఆ నెల 20న ఒక దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు, వాటిలో మలేరియా జీవికుండే నల్లటి రంగు పదార్థం కనిపించాయి. మరుసటి రోజు మరో దోమలో అవి ఇంకా పెద్దవై ఉన్నాయి. అంటే అవి దోమలో పెరుగుతున్నాయన్నమాట. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి ఆ జీవి దోమ లాలాజల గ్రంథుల దాకా చేరుతుందని చూపించాడు. అదే కాలంలో ఇటలీలో గ్రాస్సీ బృందం మనిషి మలేరియా విషయంలో అదే తేల్చింది. 1900లో రోము నుంచి తెప్పించిన దోమలచేత మాన్సన్ లండనులో తన సొంత కొడుకునే కుట్టించాడు. ఆ అబ్బాయికి మలేరియా వచ్చింది, తరువాత నయమైంది. (ఆ తల్లి ఏమన్నదో చరిత్రకారులెవరూ రాసినట్టు లేదు.) 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

దోమ వల్ల మలేరియా వస్తుందన్న మాటను ఇవాళ మీరు నమ్ముతారా అని ఎవరైనా మిమ్మల్ని అడిగారా? అడగరు. అది మతం కాదు, పార్టీ కాదు. ఆధారాలు కుదిరాయి, లోకం ఒప్పుకుంది. ముందు ఒప్పుకోని రాస్ చూసి ఒప్పుకున్నాడు. మాన్సన్ ఊహలో తప్పున్న సగాన్ని పరీక్ష కొట్టివేసింది. ఇందులో ఎవరి విశ్వాసమూ పోలేదు, ఎవరికీ కొత్త విశ్వాసం రాలేదు.

ఇక్కడ మీరొక ఆక్షేపణ చెప్పవచ్చు. "రాస్ చూశాడు ఫాదర్. కోట్ల సంవత్సరాల కిందట జరిగిన పరిణామాన్ని ఎవరు చూశారు?" ఇది చిన్నవాళ్లు మాత్రమే అడిగే ప్రశ్న కాదు. 2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ సహాయ మంత్రి సత్యపాల్ సింగ్‌గారు ఇదే వాదన చేశారు. కోతి మనిషిగా మారడం చూశామని మన పూర్వీకులెవరూ చెప్పలేదు, రాయలేదు గనుక డార్విను సిద్ధాంతం తప్పు, దాన్ని బడులలో మార్చాలి అన్నారు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఆ మాటకు ఆధారం లేదని ప్రకటన ఇచ్చాయి.

మన దేశపు తర్కశాస్త్రమే ఈ వాదనను ఒప్పుకోదు. న్యాయశాస్త్రం చదివినవారికి తెలుసు: జ్ఞానానికి ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం కాదు, అనుమానం కూడా ప్రమాణమే. అక్కడ అనుమానమంటే సందేహం కాదు. గుర్తును బట్టి కారణాన్ని తెలుసుకోవడం. కొండమీద పొగ కనిపిస్తే నిప్పు ఉందని చెప్పడానికి కొండెక్కనక్కరలేదు. చూసినవాడు ఉంటేనే నిజమంటే ఏ హత్య కేసూ తేలదు. మీ ముత్తాత పెళ్లి మీరు చూడలేదు. అయినా మీరున్నారు, అదే రుజువు.

పరిణామం విషయంలో పొగ మన నేలలోనే ఉంది. ప్రాణహిత, గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారు ఒక పెద్ద జంతువు ఎముకలు తవ్వితీశారు. పన్నెండు జంతువులకు తక్కువ కాకుండా ఉన్న ఎముకలవి. 1988లో యాదగిరిగారు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టి వర్ణించారు. పదిహేను కోట్ల ఏళ్లకు పైబడినదది. హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో ఆ ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం ఉంది. మీలో చాలామంది పిల్లల్ని తీసుకెళ్లి చూపించే ఉంటారు. ఆ పొరల రాళ్లలో మనిషి ఎముక ఒక్కటి కూడా దొరకదు. ఆవు ఎముక దొరకదు, కోతి ఎముక దొరకదు. లోకంలో ఎక్కడ తవ్వినా పొరల వరుస ఇలాగే చెబుతుంది. అన్ని జీవులూ ఒకేసారి పుట్టి ఉంటే ఎక్కడో ఒకచోట కలిసి కనబడాలి గదా.

పొగ ఒక్కటే కాదు, ఒకచోట మంటనే కళ్లారా చూడవచ్చు. మళ్లీ మలేరియా దగ్గరికే వద్దాం. 1953లో భారత ప్రభుత్వం మలేరియా మీద యుద్ధం మొదలుపెట్టే నాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి ఆ జ్వరం వచ్చేదని అంచనా. డీడీటీ చల్లారు, క్లోరోక్విన్ మాత్రలు పంచారు. 1965కల్లా కేసులు లక్షకు దిగిపోయాయి. మలేరియా పోయిందని పండుగ చేసుకున్నాం. 1976లో మళ్లీ 64 లక్షలకు పైగా కేసులు వచ్చాయి. కారణాలు చాలా ఉన్నాయి. మందుల సరఫరా కుంటుపడింది, నిర్లక్ష్యం పెరిగింది. వాటితోపాటు ఇంకొకటి జరిగింది. దోమల్లో కొన్ని పుట్టుకతోనే డీడీటీని తట్టుకునే స్వభావం గలవి. మందు చల్లితే తక్కినవి చచ్చాయి, ఇవి మిగిలాయి. మిగిలినవే పిల్లలు పెట్టాయి. కొన్ని తరాలకు ఆ ఊరి దోమలన్నీ అలాంటివే అయ్యాయి. మలేరియా సూక్ష్మజీవి కూడా క్లోరోక్విన్‌తో ఇదే పని చేసింది. 1973లో అస్సాంలో అది మందుకు లొంగడం లేదని మొదటిసారి తేలింది. డార్విను 1859లో ప్రకృతి వరణం అని చెప్పింది ఇదే: తేడాలతో పుట్టడం, పరిస్థితికి తగినవి మిగలడం, మిగిలినవాటి లక్షణం సంతతికి రావడం. మన వీధిలో క్షయ మందులు రెండు నెలలు మింగి, ఒళ్లు తేలికపడిందని మానేసిన వారిని మనకు తెలుసు. తరువాత వారికి మామూలు మందులు ఎందుకు పనిచేయవో డాక్టరును అడగండి. డాక్టరు పేరుపెట్టి చెప్పకపోయినా, చెప్పేది పరిణామ పాఠమే.

ఇక ‘కోతి నుంచి మనిషి’ అనే మాట. శాస్త్రజ్ఞులు అలా చెప్పరు. ఈనాటి కోతికీ మనిషికీ ఎంతో పూర్వకాలపు మూలం ఒకటని చెబుతారు. "అలాగైతే కోతులు ఇంకా ఎందుకున్నాయి?" అని అడిగేవారికి ఒక్కటే జవాబు. మీ తాతగారికి మీరొక్కరే మనవలు కాదు, మీ పెదనాన్న పిల్లలు కూడా ఉన్నారు.

ఇప్పుడు అక్వినాస్ రెండో మాట దగ్గరికి వద్దాం. పైన చెప్పిన ఆధారాలన్నీ మనం స్వయంగా పరీక్షించామా? లేదు. నేనూ చేయలేదు, మీరూ చేయలేదు. యామన్‌పల్లి రాళ్ల వయసు నేను కొలవలేదు. పుస్తకంలో చదివాను, కొలిచినవారి మాట తీసుకున్నాను. న్యాయశాస్త్రం దీన్ని శబ్దప్రమాణం అంటుంది, అంటే తెలిసిన పెద్దల మాట. కాబట్టి పరిణామాన్ని ఒప్పుకునే పదిమందిలో తొమ్మిదిమంది నిజానికి నమ్ముతున్నవారే గదా అని ఎవరైనా అంటే, అవును, ఆ మేరకు నిజమే. కాని ఈ నమ్మకం విశ్వాసపు జాతికి చెందదు. కావాలంటే వెళ్లి పరీక్షించుకోవచ్చునన్న హామీతో తీసుకున్న నమ్మకమిది. తూకంరాయిని తూనికల శాఖవారు చూసి ముద్ర వేశారని కొట్టువాణ్ణి నమ్మినట్టు. ముద్ర తప్పని తేలితే నమ్మకం పోతుంది, పోవాలి కూడా. దేవుణ్ణి నమ్ముకోవడం అటువంటి ముద్ర మీద నిలిచింది కాదు. మనిషిగా వచ్చి మన మధ్య చనిపోయి లేచిన ఒక వ్యక్తి మీద నిలిచింది.

అంతమాత్రాన విశ్వాసానికి ఆధారమే ఉండదని అనుకోకూడదు. మన దేశానికి వచ్చిన తోమాసు అపోస్తలుణ్ణి చూడండి. (ఈ వ్యాసంలో ఇద్దరు తోమాసులున్నారు, కలపకండి.) గాయాలు చూడనిదే నమ్మనన్నాడు. ప్రభువు కోపగించుకోలేదు, చూపించాడు. అయితే పునీత గ్రెగోరీ పోపు గమనించినట్టు, తోమాసు చూసింది ఒకటి, విశ్వసించింది మరొకటి. కళ్లకు కనబడింది గాయపడిన మనిషి. ఆయన నోట వచ్చింది దేవుడన్న మాట. ఆ గాయం దేవుణ్ణి నిరూపించే పరికరం కాదు. ఆ మనిషిని గుర్తుపట్టడానికి సాయం చేసింది.

ఈ తేడా తెలియకపోతే ఎంత గందరగోళమో అమెరికాలో 2012లో చేసిన ఒక పరిశీలన చూపిస్తుంది. మనుషులు పూర్వపు జీవజాతుల నుంచి వచ్చారన్నది నిజమా కాదా అని అడిగితే నూటికి 48 మంది నిజమన్నారు. అదే ప్రశ్నకు ముందు "పరిణామ సిద్ధాంతం ప్రకారం" అనే మాట చేర్చి మరికొందరిని అడిగితే 72 మంది నిజమన్నారు. అంటే చాలామందికి శాస్త్రం ఏం చెబుతుందో తెలుసు. తెలిసి కూడా ‘కాదు’ అన్నారు, ఎందుకంటే ఆ ప్రశ్న వారికి "నువ్వు ఏ గుంపువాడివి?" అన్నట్టు వినబడింది. మన ఇళ్లలో జరుగుతున్నది కూడా ఇదే. పిల్లవాడు పరీక్షలో మార్కుల కోసం ఒకటి రాస్తాడు, ఆదివారం సత్యోపదేశం తరగతిలో ఇంకొకటి చెబుతాడు. రెండింటిలో ఒకటి అబద్ధమని వాడి మనసులో ఉంటుంది. రెండు పడవల మీద కాళ్లు ఎంతకాలం నిలుస్తాయి? కాలేజీకి, హాస్టలుకు వెళ్లాక ఒక పడవ దిగిపోతాడు. ఏ పడవ దిగుతాడో మీకు వేరే చెప్పాలా?

1600 ఏళ్ల కిందట పునీత అగస్టీను భయపడింది దీనికే. ఆకాశం గురించి, నక్షత్రాల గురించి, జంతువుల గురించి లెక్కలు తెలిసిన అన్యమతస్థుల ముందు ఒక క్రైస్తవుడు లేఖనాల పేరు చెప్పి తెలివితక్కువ మాటలు మాట్లాడితే, వారు పునరుత్థానం గురించీ నిత్యజీవం గురించీ మన మాట ఎలా వింటారని ఆయన ఆదికాండ వ్యాఖ్యానంలో బాధపడ్డాడు. సూర్యుడు నాలుగవ రోజున వచ్చాడని ఆదికాండంలో ఉంది గదా, మరి మొదటి మూడు రోజులూ ఏ లెక్కన రోజులని ఆలోచించినవాడాయన. డార్విను పుట్టడానికి ఇంకా 1400 ఏళ్ల ముందు. వేదగ్రంథం మొదటి అధ్యాయంలో జంతువుల తరువాత మనిషి, రెండవ అధ్యాయంలో మనిషి తరువాత జంతువులు. ఆ పుస్తకాన్ని కూర్చినవారు ఈ సంగతి చూడలేదంటారా? చూశారు, రెండింటినీ ఉంచారు. వారు చెప్పదలచింది వరుసక్రమం కాదు. అన్నీ దేవుని చేతి నుంచి వచ్చాయని, మంచివని, మనిషి ఆయన పోలికలో ఉన్నాడని.

ఇటు మనవాళ్లు శాస్త్రాన్ని విశ్వాసమనుకుంటే, అటు కొందరు శాస్త్రాన్నే విశ్వాసంగా మార్చారు. హైదరాబాదుకు ఎంతో పేరుతెచ్చిన శాస్త్రజ్ఞుడు, సీసీఎంబీ స్థాపక సంచాలకుడు పుష్ప భార్గవగారు 1964లో మిత్రులతో కలిసి శాస్త్రీయ దృక్పథం కోసం ఒక సంఘం పెట్టారు. చేరేవారు ఒక ప్రకటన మీద సంతకం చేయాలి. జ్ఞానం మానవ కృషి వల్లనే వస్తుంది తప్ప దైవప్రకటన వల్ల రాదని, అతీతశక్తుల ఊసు లేకుండానే సమస్యలన్నిటినీ ఎదుర్కోవాలని దాని సారాంశం. పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు సంతకానికి వెనుకాడారని ఆయనే తరువాత బాధగా రాశారు. ఆయన నిజాయితీ మీద నాకు గౌరవం ఉంది. మూఢనమ్మకాల మీద ఆయన చేసిన పోరాటంలో చాలాభాగం మనమూ చేయవలసిందే. 1976 నుంచి శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం రాజ్యాంగంలో 51ఎ అధికరణం ప్రకారం ప్రతి పౌరుడి బాధ్యత, క్రైస్తవ పౌరుడితో సహా. కాని ఆ ప్రకటన ‘నేను నమ్ముతున్నాను’ అనే మాటతోనే మొదలవుతుంది. దైవప్రకటన లేదని ఏ సూక్ష్మదర్శినిలో చూశారు? ఏ దోమను కోసి తేల్చారు? అది ఆధారం వల్ల వచ్చిన తీర్మానం కాదు, ఒక విశ్వాస ప్రమాణం. అలా అయితే అలాగే పిలవాలి. సంతకం పెట్టని శాస్త్రజ్ఞులలో కొందరికైనా ఈ తేడా తెలుసునేమోనని నా అభిప్రాయం.

శ్రీసభ ఏం చెబుతుందో క్లుప్తంగా చెబుతాను. 1950లో 12వ భక్తినాథ పోపుగారు తన విశ్వలేఖలో మనిషి శరీరం పూర్వమున్న జీవపదార్థం నుంచి వచ్చిందా అన్నది పండితులు విచారించదగిన ప్రశ్న అన్నారు. ఆత్మలను మాత్రం దేవుడే నేరుగా సృష్టిస్తాడన్నారు. 1996 అక్టోబరు 22న రెండవ జాన్ పాల్ పోపుగారు పొంటిఫికల్ విజ్ఞాన అకాడమీకి పంపిన సందేశంలో, వేర్వేరు రంగాలలో జరిగిన పరిశోధనలు ఎవరూ ఏర్పాటు చేయకుండానే ఒకేచోటికి చేరడం వల్ల ఈ సిద్ధాంతాన్ని ఇక వట్టి ఊహగా చూడలేమని అంగీకరించారు. మనిషి మనసు వట్టి పదార్థం నుంచి ఉబికి వచ్చిందనే తత్త్వాన్ని మాత్రం అదే సందేశంలో తోసిపుచ్చారు. 2014లో ఫ్రాన్సిస్ పోపుగారు దేవుడు మంత్రదండం పట్టుకున్న గారడీవాడు కాదన్నారు. అనువంశిక సూత్రాలు కనిపెట్టిన మెండెల్ అగస్టీను సభకు చెందిన మఠవాసి అని మీ పిల్లల పుస్తకంలో కూడా ఉంటుంది. ఆ సూత్రాలు లేకుండా డార్విను సిద్ధాంతం సగంలో ఆగిపోయేది.

అన్నీ తేలిపోయాయని నేను చెప్పడం లేదు. ఆది తలిదండ్రులు, జన్మపాపం అనే విషయాలను మానవజాతి చరిత్ర గురించి ఇప్పుడు తెలుస్తున్నదానితో ఎలా కలిపి చెప్పాలన్నది వేదాంతులు ఇంకా శ్రమపడుతున్న ప్రశ్న. 12వ భక్తినాథులు దీని విషయంలో చాలా జాగ్రత్తగా మాట్లాడారు. మనమూ అలాగే ఉండాలి. తేలని ప్రశ్న ఉందని తేలినదాన్ని కాదనకూడదు. శాస్త్రం చెప్పని సంగతిని చెప్పిందని కూడా అనకూడదు. ప్రకృతి వరణం ఒక జీవి ఎందుకు మిగిలిందో చెబుతుంది. మీ బిడ్డ ప్రాణానికి విలువ ఎందుకుందో చెప్పదు. అది దాని పనీ కాదు.

ఇది పుస్తకాల గొడవ అని వదిలేయడానికి వీల్లేదు. 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అనే పాఠం నుంచి పరిణామాన్ని తీసివేసి అనువంశికత మాత్రమే ఉంచింది. పిల్లలకు భారం తగ్గించడానికని చెప్పారు. పన్నెండో తరగతిలో ఉంది, కాని జీవశాస్త్రం తీసుకున్నవారికే. 1800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు అది తిరిగి పెట్టాలని బహిరంగ లేఖ రాశారు. మనలో కొందరు లోలోపల సంతోషించారని విన్నాను. సంతోషించవలసింది ఏమీ లేదు. బడిలో ఆధారాలతో నేర్చుకోని పిల్లవాడు అదే విషయాన్ని ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంటాడు. అక్కడ ఒకడు దేవుడు లేడంటాడు, ఇంకొకడు భూమి వయసు ఆరువేల ఏళ్లంటాడు. ఇద్దరూ గొంతు చించుకునేవాళ్లే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే అలవాటు అక్కడే వస్తుంది.

సత్యోపదేశకులకు, తలిదండ్రులకు నా మనవి ఒకటే. పిల్లలు అడిగినప్పుడు "అలాంటివి అడగకూడదు" అనవద్దు. "ఇది నీకు ఎలా తెలుసు?" అని తిరిగి అడగండి. చూసి తెలిసిందా, గుర్తును బట్టి తెలిసిందా, ఎవరో చెబితే తెలిసిందా, చెప్పినవారికి ఎలా తెలిసింది? ఈ ప్రశ్నలను సైన్సు పాఠానికీ వేయమనండి, మీ వాట్సాపులో వచ్చే ‘అద్భుతాల’కూ వేయమనండి. ఒక ఆదివారం పూజ అయ్యాక పిల్లల్ని నౌబత్ పహాడ్ తీసుకెళ్లి కోటాసారస్ ముందు నిలబెట్టండి. కాళ్ల ఎముకలు, వెన్నెముకలు తవ్వకాలలో దొరికాయని చెప్పండి. పుర్రె మాత్రం దొరకలేదని, పళ్లు మాత్రమే దొరికాయని, అక్కడ కనిపించే తలను దాని జాతి జంతువులను బట్టి ఊహించి చేశారని కూడా చెప్పండి.